అమ్మ ఆయాసం, నాన్నగారి జవాబు

మా అమ్మకి ఆయాసం ఎంత ఉందని డాక్టరు ఎప్పుడు అడిగినా జవాబు మా నాన్నగారు చెప్పేవారు.

"పర్లేదండి. చలికాలం కదా, కాస్త దగ్గు. అంతే" అనేవారు.

అమ్మ ఆయన వెనకాల నిలబడేది. పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాటలు తన గురించి కానట్టు గోడకేసి చూస్తూ ఉండేది. డాక్టరు గారు తల ఊపి ఎర్రటి దగ్గు మందు, నాలుగు తెల్ల బిళ్ళలు రాసేవారు. మళ్ళీ చలికాలం దాకా ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. పెనుగొండలో ఆ డాక్టరు గారి దగ్గరికి ఏళ్ళ తరబడి వెళ్ళారు. ఆయన ఒక్కసారైనా అమ్మ మొహం చూసి "నీకెలా ఉందమ్మా" అని అడిగారో లేదో నాకు తెలియదు. అడిగినా అమ్మ "బాగానే ఉందండి" అనే ఉంటుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. డాక్టరు మీద, నాన్నగారి మీద, అందరికంటే ఎక్కువగా అమ్మ మీద.

మా పుట్టిల్లు పెనుగొండకి కాస్త ఎడంగా కాలవ గట్టున ఉండేది. చుట్టూ వరి చేలు, గట్ల మీద కొబ్బరి చెట్లు. కాబట్టి వంటచెరుకుకి లోటు లేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు. వానాకాలంలో మట్టలు తడిసి రాజుకునేవి కావు. అమ్మ పొయ్యి ముందు వంగి గొట్టంతో ఊదుతూనే ఉండేది. వంటింట్లోకి వెళితే నడుం పైనంతా పొగ, కింద అమ్మ. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు కూలీలకీ తనే వండేది. ఇది కాక దాలి ఒకటి. వంటింటి మూల ఒక గొయ్యి, అందులో పిడకలు రాజేసి పాల కుండ పెట్టేవారు. పొద్దున పెడితే సాయంత్రం దాకా అది సన్నగా కాగుతూ ఉండేది. అంతసేపూ పొగ సన్నగా వస్తూనే ఉండేది. ఎర్రగా కట్టిన ఆ మీగడ అంటే నాన్నగారికి ప్రాణం.

తొంభైల నడుమ మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. దాని మీద చుట్టాలకి కాఫీ మాత్రమే కాచేవారు. "గ్యాసు మీద అన్నం అన్నంలా ఉండదు, పాలు నీళ్ళలా ఉంటాయి" అని నాన్నగారు తేల్చేశారు. పొయ్యి మీద గుడ్డ కప్పి దాని మీద ప్లాస్టిక్ పూలు పెట్టింది అమ్మ.

అప్పటికి నాకు పెళ్ళయి పెద్దాపురంలో ఉండేదాన్ని. అక్కడొక గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం. పండక్కో పబ్బానికో వచ్చి, ఒక పూట ఉండి వెళ్ళిపోయేదాన్ని. ఒక వేసవిలో సెలవు పెట్టి కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉన్నాను. అప్పుడు చూశాను.

ముందు పెరట్లో బట్టలారేసే దండెం కంటపడింది. నా భుజం ఎత్తు కూడా లేదు. తడి చీర అంచు మట్టిలో జీరాడుతోంది.

"ఇంత కిందకి కట్టించావేంటమ్మా?" అన్నాను.

"చేతికందుతుందని" అంది.

అమ్మ నాకంటే పొడుగు.

ఆ తరవాత ఒక్కొక్కటీ కనిపించసాగాయి. వంటింట్లో ఉప్పు డబ్బా, పప్పు డబ్బా, అన్నీ అరల మీంచి దిగి నేల మీద గోడ వారకి చేరాయి. స్నానానికి వెళితే ఎంతకీ వచ్చేది కాదు. తలుపు దగ్గర నిలబడి వింటే చెంబుడు నీళ్ళు పోసుకున్న చప్పుడు, తరవాత చాలాసేపు ఏమీ వినపడేది కాదు, మళ్ళీ ఒక చెంబు. పక్క వీధిలో సొంత చెల్లెలు, మా పిన్ని, ఉంటే ఆ ఇంటికి వెళ్ళడం మానేసింది. "దాన్నే రమ్మంటాను, నాకెక్కడ తీరుతుంది" అనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు దించుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. గుర్తు తెచ్చుకోవడం కాదది. ఊపిరి కూడదీసుకోవడం. తెల్లవారుజామున మెలకువ వస్తే గోడకి దిండు ఆనించుకుని కూర్చుని ఉండేది, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి.

"పడుకోవేంటమ్మా?"

"మెలకువ వచ్చేసిందే. జపం చేసుకుంటున్నా."

నాన్నగారిని అడిగితే ఆయనా అదే చెప్పారు, కాస్త గర్వంగా. "మీ అమ్మకి ఈమధ్య భక్తి ఎక్కువైందమ్మా."

ఆ రోజు ఆయనకి ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు కానీ, కంచం ముందు నించి లేచిపోవడం గుర్తుంది. ఒకే గదిలో ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు పడుకున్న మనిషి, పక్కనే ఒక మనిషి ఊపిరి అందక కూర్చుంటే దాన్ని భక్తి అనుకున్నాడు. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాడు.

రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళతానన్నాను. అమ్మ వద్దంది. నాన్నగారు "దగ్గుకి రాజమండ్రి దాకా ఎందుకమ్మా" అన్నారు. నేను పట్టు విడవలేదు. చివరికి ఆయన కూడా బయలుదేరారు. ఇల్లాలి జబ్బు గురించి పెద్ద డాక్టరుతో మాట్లాడాలంటే మగవాళ్ళు ఉండాలట.

ఊపిరితిత్తుల ఆస్పత్రి మేడ మీద ఉంది. ఊపిరందని వాళ్ళంతా మెట్లెక్కి రావాలి. ఆ మేడ కట్టినవాళ్ళని, అక్కడ బోర్డు పెట్టినవాళ్ళని మనసులో ఎన్ని తిట్టానో. నాన్నగారు చకచకా ఎక్కి వెళ్ళిపోయారు. అమ్మ నాలుగు మెట్లెక్కి ఆగింది. గోడకి ఏదో మందుల కంపెనీ వాళ్ళ క్యాలెండరు ఉంటే దాన్ని చూడసాగింది. మళ్ళీ నాలుగెక్కి కమ్మీ పట్టుకుని వీధిలోకి చూసింది. పైకి చేరేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. బల్ల మీద కూర్చోబెట్టాను. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆపాటికి అమ్మ ఊపిరి సర్దుకుంది, పెదాలు మామూలు రంగుకొచ్చాయి. పక్కావిడకి కాకరకాయ పులుసు ఎలా పెట్టాలో చెబుతోంది.

ముందు ఒక గదిలో మిషను దగ్గరికి పంపారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టుకుని ఊపిరంతా ఒక్కసారి ఊదాలి. మిషను దగ్గరున్న ఆయన నడివయసు మనిషి, విసుగ్గా ఉన్నారు. "గట్టిగా ఊదండి! ఇంకా! ఇంకా! ఇంకా!" అని అరవడం మొదలుపెట్టారు. జన్మలో అమ్మ మీద బయటి మగవాడెవరూ అలా అరవలేదు. పరాయివాళ్ళ ముందు నోరు అంత పెద్దగా తెరవడం కూడా ఆమెకి తెలియదు. పెదాలు సగం తెరిచి, గొట్టం చుట్టూ పమిట అడ్డం పెట్టుకోబోయింది. మూడుసార్లూ అంతే. దగ్గు తెర వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈవిడ సహకరించట్లేదండీ" అని ఆయన అందరికీ వినపడేలా చెప్పి కాగితం చింపి నా చేతికిచ్చారు. అందులోనూ అదే రాసి ఉంది, ఇంగ్లీషులో.

డాక్టరు గారు ఆ కాగితం చూసి పక్కన పడేశారు. మంచి పేరున్నాయన, వయసులో ఉన్నాయన. "సరే, మిషను చెప్పకపోతే మనమే అడుగుదాం" అని నవ్వి, ఆయాసం ఏ మెట్టులో ఉందో తేల్చే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఒకటో మెట్టు అయితే తక్కువ, అయిదో మెట్టు అయితే మనిషి గడప దాటలేనంత. ప్రశ్నలు అమ్మ గురించే. కళ్ళు మాత్రం నాన్నగారి మీద ఉన్నాయి.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"ఇప్పుడు ఎక్కే వచ్చింది కదండీ" అన్నారు నాన్నగారు.

"ఎత్తుగా ఉన్న దారిలో నడిస్తే?"

"మా వైపు ఎత్తెక్కడుందండీ, అంతా పల్లమే!" అని నవ్వారు. డాక్టరు గారూ నవ్వారు.

"తన వయసు వాళ్ళతో సమానంగా నడవగలరా?"

"తను ఎవరితో నడుస్తుందండీ, ఇంటి పట్టునే కదా ఉండేది."

"స్నానం, బట్టలు కట్టుకోవడం?"

"అన్నీ తనే చేసుకుంటుందండి. ఇంటిపని, వంటపని, ఒక్కటి మానదు. మొన్న కోతలకి కూడా వండింది."

"అయితే మైల్డేనండీ" అని డాక్టరు గారు కలం తీసి అంకె వేశారు. అమ్మ మొహంలో రవ్వంత సంతోషం కనిపించింది. పరీక్ష పాసయినట్టు. అది చూశాక నాకు ఇంక ఆగలేదు.

"డాక్టరు గారూ, ఆయాసం ఎవరికండీ? మా నాన్నగారికా?" అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బయట బల్ల మీద వాళ్ళు తొంగి చూశారు. డాక్టరు గారి మొహం బిగుసుకుంది. "అమ్మా, మీరు కాస్త బయట కూర్చోండి" అన్నారు నాతో. నాన్నగారు "ఏంటమ్మా ఇది, నలుగురిలో" అని నా చెయ్యి పట్టుకున్నారు.

చెయ్యి విడిపించుకున్నాను. దండెం గురించి చెప్పాలి, డబ్బాల గురించి, స్నానం గురించి చెప్పాలి అనుకున్నాను. నోటికి ఒక్కటీ రాలేదు. కోపంలో నాకు మాటలు కూడిరావు. పేషెంట్లు కూర్చునే గుండ్రటి స్టూలు ఒకటుంటే దాన్ని అమ్మ ముందుకి లాక్కుని, ఆమెకి వీపు పెట్టి కూర్చుని, నా జడ విప్పేశాను.

"అమ్మా, జడ వెయ్యి" అన్నాను.

"ఇక్కడేంటే, పిచ్చిదానా!"

"వెయ్యి."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. నా జుట్టు చేతిలోకి తీసుకుంది. చిన్నప్పుడు నా జడ బిగించి వేస్తే కళ్ళు పైకి పోయేవి, బడి వదిలేదాకా వెంట్రుక కదిలేది కాదు. ఆ చేతులు నా తలలో తిరిగి ఎన్నేళ్ళయిందో. పెళ్ళినాడు కూడా నాకు పూలజడ వేసింది మా పిన్ని. అమ్మకి పనుల్లో తీరిక లేక అనుకున్నాం అందరం. వేళ్ళతో చిక్కు తీసింది. మూడు పాయలు చేసింది. ఒక అల్లిక వేసింది. రెండోది వేసింది. ఆమె మొహం నాకు కనపడటం లేదు. చప్పుడు మాత్రం నా మెడ మీదే ఉంది. ముందు సన్నగా, తలుపు సందులో గాలిలా. తరవాత పిల్లనగోవిలో తడి చేరినట్టు. పాయలు వదులవుతున్నాయి. జుట్టు లాగుతున్న బిగువు పోయింది. ఇంకో అల్లిక కోసం చేతులెత్తింది, ఎత్తిన చేతులు రెండూ నా భుజాల మీద పడ్డాయి. ఒంటి బరువంతా నా మీద ఆన్చింది. నా చెవి పక్కనే గాలి కోసం నోరు తెరిచింది. ఇందాక మిషను దగ్గర తెరవని నోరు.



డాక్టరు గారు లేచి బల్ల ఇవతలికి వచ్చారు. అమ్మని తన కుర్చీలోనే కూర్చోబెట్టి, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గోళ్ళు చూశారు, మెడ చూశారు. తరవాత ఎదురుగా వంగి, "ఇలా ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అన్నారు.

అమ్మ నాన్నగారి వైపు చూసింది.

"ఆయన వైపు కాదమ్మా, నాకు చెప్పండి."

"దీని పెళ్ళికి... ముందు నించండి" అంది అమ్మ, రెండు ముక్కలుగా.

"ఎవరితోనూ అనలేదా?"

"చెప్పేదేముందండీ. చేసుకోగలిగింది... చేసుకుంటున్నాను. లేనిది మానేశాను."

డాక్టరు గారు ఇందాక రాసింది కొట్టేశారు. "నేను ఒకటో మెట్టు అని వేశాను. ఇది నాలుగు దాటింది" అన్నారు, ఎవరితోనో తెలియనట్టుగా. మిషను పరీక్ష మళ్ళీ చేయించారు, ఈసారి తను పక్కన నిలబడి, తలుపు వేయించి, అరవకుండా. పీల్చే మందు రాశారు. ఊపిరితిత్తులు పాడయిన మేరకి బాగుపడవని, ఇకమీద పాడవకుండా చూసుకోవడమేనని, పొగ పూర్తిగా మానాలని చెప్పారు. "నేను చుట్ట ముట్టనండీ" అన్నారు నాన్నగారు. "పొయ్యి పొగండీ" అన్నారు డాక్టరు గారు.

బస్సులో వంతెన దాటుతుంటే నాన్నగారు అమ్మనడిగారు. "ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేంటి?"

ఆ గొంతులో నిష్ఠూరం ఉంది. తనకి అన్యాయం జరిగినట్టు. నేను వెనక సీటులోంచి, "మీరు అడిగారా? డాక్టరు అడిగినా మీరే చెప్పేశారు కదా, మధ్యలో ఆవిడ ఎక్కడ చెబుతుంది?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. నా మీద మాత్రం కోపం తెచ్చుకుంది. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు ఠంగున పెట్టి అంది. "పరాయి మగాళ్ళ ముందు నన్ను అలా నిలబెడతావా? మీ నాన్నకి తల కొట్టేసినట్టయింది, తెలుసా?"

"నీ ఊపిరి ఆగిపోతుంటే నీకు ఆయన తలే కనిపించిందా?"

"నీకేం తెలుసే" అంది. ఆ పూట తనే వంటింట్లోకి వెళ్ళి దాలిలో పిడకలు రాజేసి పాల కుండ పెట్టింది. డాక్టరు మాట విన్న మర్నాడు! నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పొగ వాసన ఆయనకీ వచ్చే ఉంటుంది. కాగితం తిప్పారు.

నేను నూతి దగ్గర బిందె నింపుకొచ్చాను. పాల కుండ తీసి పక్కన పెట్టి, బిందెడు నీళ్ళూ దాలిలో కుమ్మరించాను. బూడిద, ఆవిరి కప్పు దాకా లేచాయి. అమ్మ కేక వేసింది. పెరట్లోంచి మట్టి తెచ్చి ఆ గొయ్యి పూడ్చాను, చేతులతోనే. అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అది మా నాయనమ్మ తవ్వించిన దాలి, కాపరానికొచ్చిన రోజు నించీ ఆమె చేతి కింద ఉన్నది. అంతమంది తిండికి అదే మూలమని ఆమె నమ్మకం. ఆ ఏడుపు చూసి నేను ఆగలేదు. కాళ్ళతో తొక్కి చదును చేశాను. నాన్నగారు వచ్చి చూసి వెళ్ళిపోయారు. నేను తిరిగి పెద్దాపురం వచ్చే రోజున కూడా, "పాలు నీళ్ళలా ఉన్నాయి" అన్నారు, గ్లాసులోకి చూస్తూ.

కానీ మళ్ళీ ఆ గొయ్యి ఎవరూ తవ్వలేదు. గ్యాసు పొయ్యి మీద ప్లాస్టిక్ పూలు తీసేశారు.

పీల్చే మందు అమ్మ తలుపు చాటున పీల్చేది. అది ఆఖరి దశలో వాడేదని ఊళ్ళో అనుకునేవారు, అందుకని దాన్ని పెట్టె అడుగున చీరల మధ్య దాచేది. కొన్నాళ్ళకి గుణం కనిపించింది. రాజమండ్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు గారు నేరుగా అమ్మనే అడిగారు. "ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

నాన్నగారు నోరు తెరిచి, మూసుకున్నారు.

"బాగానే ఉందండి" అంది అమ్మ.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. డాక్టరు గారు మాత్రం కదలకుండా చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అమ్మే అంది. "మొన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళానండి. దారిలో రెండు చోట్ల కూర్చున్నాను. కానీ వెళ్ళాను." ఆయన దాన్ని అలాగే తెలుగులో రాసుకున్నారు.

ఆ తరవాత అమ్మ కొన్నేళ్ళు బతికింది. మంచి రోజులూ ఉన్నాయి, మంచం దిగలేని రోజులూ ఉన్నాయి. ఒక చలికాలం జ్వరం తగిలి, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టినా తేరుకోలేదు. పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. అది తేలిగ్గా జరిగిన చావు కాదు. అంతకంటే రాయను.

పదోరోజుకి ముందు ఒక సాయంత్రం హాల్లో చాప మీద ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మగవాళ్ళు వరండాలో ఉన్నారు. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ అంది. "మా అక్క మహాతల్లి. ఒక్కరోజు నలతగా ఉందని అనలేదు. ఏ బాధా లేకుండా దాటిపోయింది."

"అవునమ్మా, ఎవరి చేతా చేయించుకోలేదు" అంది ఇంకొకావిడ. "అలాంటి ఇల్లాళ్ళు ఇప్పుడెక్కడున్నారు."

అందరూ తలలూపారు. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు పొగలో కూర్చున్నట్టే ఉంది.

"బాధపడింది పిన్నీ" అన్నాను. "పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో, పొద్దున లేస్తే బాధే. అనకపోతే లేనట్టా?"

"ఊరుకోవే. పోయినావిడ గురించి ఇప్పుడెందుకు ఆ మాటలు. దుఃఖంలో ఏదో అంటోంది, పట్టించుకోకండి" అని పిన్ని నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళబోయింది.

అప్పుడు వరండాలోంచి నాన్నగారి గొంతు వినపడింది. "దాన్ని చెప్పనివ్వండి."

ఆ మాటకి నా కోపం దిగిపోవాలేమో. దిగలేదు. ఆ మాటేదో రాజమండ్రిలో, డాక్టరు గారి గదిలో, అమ్మ వైపు తిరిగి అని ఉంటే అనుకున్నాను. ఆయన మొహం కూడా చూడలేదు. పిన్ని చెయ్యి తీసేసి, ఆ ఆడవాళ్ళ మధ్యనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ స్నానానికి వెళితే ఎందుకు రాదో, తెల్లవారుజామున చేసేది ఎవరి జపమో, ఊపిరి అందని మనిషి కోతలకి ఎలా వండిందో, అన్నీ. కొందరు దీపాల వేళైందని లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు విన్నారు.